ఈలలో విన్న పద్యం

మా వైపు ఊళ్లలో శ్రీకృష్ణుడికి వరస సంఖ్య ఉండేది. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని కరపత్రాల మీద అలాగే అచ్చు వేసేవారు. పడకసీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధానికి ఇంకొకరు. కిరీటం అదే, నెమలిపింఛం అదే, మనుషులు వేరు, గొంతులు వేరు. తెర పడి లేచేసరికి దేవుడి ముఖం మారిపోయినా పాండవోద్యోగ విజయాలు చూస్తున్న జనంలో ఒక్కరు కూడా ఇదేమిటని అడిగేవారు కాదు. ఒకే రాత్రి ముగ్గురిని విని, ఏ పద్యాన్ని ఎవరు ఎలా ఎత్తుకున్నారో పోల్చి చూసుకోవడానికే బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు.

వీటిని కాంట్రాక్టు నాటకాలనేవారు. తిరునాళ్ల కమిటీయో, ఊరి పెద్దలో డబ్బు పోగు చేస్తే కాంట్రాక్టరు తెనాలి వెళ్లి ఆర్టిస్టులకు అడ్వాన్సులిచ్చి వచ్చేవాడు. నాటకం రోజు సాయంత్రానికి ఒకరు గుంటూరు నుంచి, ఒకరు రాజమండ్రి నుంచి, ఒకరు విజయనగరం వైపు నుంచి రైళ్లలోనూ బస్సుల్లోనూ దిగేవారు. రిహార్సలంటూ ఏమీ ఉండదు. ఆ నాటకాలు రాసిన తిరుపతి వేంకట కవుల పద్యాలు అందరికీ కంఠతా వచ్చు గనుక, రంగు పూసుకునే చోట పలకరించుకుని, శ్రుతి ఎంతో హార్మోనిస్టుకు చెప్పేస్తే సరిపోయేది. ఆ హార్మోనిస్టు గురించి ఎవరూ రాయరు. రాత్రంతా ఒకే చోట కూర్చుని, నాలుగు శ్రుతిలో పాడేవాడి దగ్గర నుంచి ఐదున్నరలో పాడేవాడి దగ్గరకు మారుతూ, నటుడు రాగం ఎటు తిప్పితే అటు వెంట నడిచి, అతను ఊపిరి తీసుకునే చోట తాను అందుకుని, పద్యం ఎక్కడా తెగిపోకుండా నిలబెట్టేవాడు. నాటకాన్ని మోసింది అతనే.

కోతలు, నూర్పిళ్లు అయిపోయి ధాన్యం ఇంటికి చేరాక మొదలయ్యేవి ఆ రాత్రులు. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా, ఆ మీదట ఉగాది, శ్రీరామనవమి దాకా. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కట్టుకుని వెళితే అక్కడా నాటకమే. కోసిన పొలంలో పందిరి వేసి, ముందు వరసలో కుర్చీలు, వెనక బెంచీలు, మిగిలినదంతా నేల. మేం నేల వాళ్లం. గోనెపట్టాలు పరుచుకుని, దుప్పట్లు కప్పుకుని, వరిగడ్డి వాసనలో కూర్చునేవాళ్లం. రాత్రి తొమ్మిదిన్నరకో పదికో కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, తెర వెనక నుంచి అందరూ కలిసి ప్రార్థన అందుకునేవారు. అప్పటిదాకా గోలగోలగా ఉన్న పొలం ఒక్కసారిగా సర్దుకునేది. మళ్లీ జనం లేచేసరికి తూర్పు తెల్లవారుతూ ఉండేది.

ఆ రాత్రులను ఏలినవాళ్లలో కల్యాణం రఘురామయ్య గారిని గురించి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఈలపాట రఘురామయ్య అంటేనే అందరికీ తెలుస్తుంది.

1901 మార్చి 5న గుంటూరు జిల్లా సుద్దపల్లిలో పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు వెంకట సుబ్బయ్య. చిన్నతనంలో కట్టిన రఘురాముడి వేషమే ఆయన పేరైపోయింది. వేషం పేరు మనిషికి రావడం ఆ రోజుల్లో వింత కాదు, దుర్యోధనుడు గారనీ నక్షత్రకుడు గారనీ పిలిపించుకున్నవాళ్లు ఊరికొకరుండేవారు. అయితే ఒక వేషంతో వచ్చిన పేరును డెబ్భై ఏళ్లకు పైబడిన వయసు దాకా నిలబెట్టుకున్నవారు కొద్దిమందే. ఆయన పుట్టిన ఊరికి దగ్గరలోనే ఉన్న తెనాలి అప్పటికే నాటకాల ఊరు. అక్కడి రామవిలాస సభలో బాపట్ల నుంచి వచ్చిన స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలతో ఆంధ్రదేశాన్నంతా కట్టిపడేస్తున్నారు. ముత్తరాజు సుబ్బారావు గారి శ్రీకృష్ణ తులాభారంలో స్థానం వారి సత్యభామ, రఘురామయ్య గారి కృష్ణుడు. ఆ జంటను చూసినవాళ్లు మా ఇళ్లలో ఉండేవారు. మా నాయనమ్మ ఆ సత్యభామ గురించి చెప్పేటప్పుడు, మగవాడు ఆడవేషం కట్టాడన్న మాట ఒక్కసారి కూడా అనేది కాదు. "సత్యభామ నడిచొస్తుంటే" అనే మొదలుపెట్టేది.

రఘురామయ్య గారి గొంతు గురించి చెప్పడం కష్టం. సన్నని గొంతు, కానీ పలుచన కాదు. ఎంత పైకి వెళ్లినా బిగుసుకుపోయేది కాదు. మైకులు లేని కాలంలో తయారైన గొంతు గనుక ఆయన అరవకుండానే పొలం చివర చెట్టెక్కి కూర్చున్నవాడికీ వినిపించేది. నేను చూసేనాటికి ఆయనకు అరవై దాటాయి. వేషంలో ఆ వయసు కనిపించేది, కొంచెం బరువైన నడక, మెడ దగ్గర ముడతలు. పద్యం ఎత్తుకోగానే ఆ లెక్క మనసులోంచి జారిపోయేది. తల కాస్త పక్కకు వంచి, చిరునవ్వు చెదరకుండా, ఎదుటి పాత్ర వైపే చూస్తూ మొదలుపెట్టేవారు. చివరి పాదం దగ్గరికి వచ్చాక ఇక తొందరుండేది కాదు. రాగం ఒక్కో మెట్టే ఎక్కుతూ, ఒక్కో మెట్టు మీద నిలబడి నాలుగు వైపులా చూసి, మళ్లీ పైకి వెళ్లేవారు.

ఆ తర్వాత ఈల.

వేలు నోట్లో పెట్టుకుని అప్పటిదాకా గొంతుతో తీసిన రాగాన్నే ఈలతో అందుకునేవారు. కుర్రాళ్లు వేసే ఈలకూ దానికీ సంబంధం లేదు. గమకాలన్నీ అందులో పలికేవి. మోహన అయితే మోహన, కల్యాణి అయితే కల్యాణి. కృష్ణుడి చేతిలో మురళి ఎలాగూ ఉంది కాబట్టి జనానికి అది వేణుగానమే. రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ ఈల విని ఆయన్ను ఆంధ్రుల నైటింగేల్ అన్నారని మా పెద్దవాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. నాకు అంతకన్నా గొప్పగా తోచినది మా చుట్టూ కూర్చున్న నేల జనం. ఆయన ఈలలో పద్యం నడిపిస్తుంటే మా పక్కనున్న వాళ్ల పెదవులు కదిలేవి. ఈలకు మాటలుండవు, మాటలు వాళ్ల దగ్గరున్నాయి. ఏ స్వరం దగ్గర ఏ అక్షరం పడుతుందో తెలిసినవాళ్లు కాబట్టి, మాటలు లేని ఆ స్వరంలో వాళ్లకు పద్యం పద్యంగా వినిపించేది.

మా పెదనాన్నకు చదువు రాదు. వేలిముద్ర మనిషి. ఉద్యోగ విజయాలు రెండు నాటకాలూ ఆయనకు నోటికి వచ్చు. దుక్కి దున్నేటప్పుడు రాయబారం పద్యాలే ఆయన పాట. పల్లెల్లో అలాంటివాళ్లు కోకొల్లలు. నటుడు పొరపాటున ఒక సమాసం మింగేస్తే నేలలోంచి ఎవరో ఒకరు అందించేవారు. అందించడమే కాదు, తప్పు పట్టేవారు కూడా. నచ్చితే "వన్స్ మోర్" అనేవారు. మళ్లీ పాడితే మొదటిసారి పాడినట్లే పాడకూడదు, సంగతి మార్చాలి, లేకపోతే ఊరుకోరు. రఘురామయ్య గారు రెండోసారి పాడినప్పుడు మొదటిసారి లేని మలుపు ఒకటి వచ్చేది. మూడోసారి ఇంకొకటి. కొన్నాళ్లకు నాకొకటి అర్థమైంది. ఆయన పాటను ఆయన ఒక్కరే తయారుచేసుకోలేదు. పద్యం తెలిసిన జనం, తెల్లారేదాకా కదలని జనం, ఇంకా ఇంకా అని అడిగే జనం ఏళ్ల తరబడి ఆయన చేత దాన్ని చెక్కించారు.

ఈ రాగాల మీద ఆనాడే చాలా విమర్శ ఉంది. బళ్ళారి రాఘవ గారు నాటకంలో సంగీతం నటనను మింగేయకూడదని గట్టిగా నమ్మినవారు, ఆడ పాత్రలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టినవారు. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు తర్వాతి కాలంలో సాంఘిక నాటకాలకు, వచన నాటకాలకు ఊతమిచ్చింది. యుద్ధానికి వెళుతున్నవాడు అరగంట రాగం తీస్తాడా అని విమర్శకులు అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఆడవాళ్ల విషయంలో రాఘవ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. సురభి వాళ్ల నాటకాల్లో ఆడవాళ్లే ఆడ పాత్రలు కట్టారు, దానికి మన సమాజం వాళ్లకు ఇవ్వవలసిన గౌరవం ఇవ్వలేదు. రాగం విషయంలో మాత్రం నేను నేల వాళ్ల పక్షమే. కథలో ఏం జరుగుతుందో తెలిసినవాడికి తొందర లేదు. రాయబారం విఫలమవుతుందని అందరికీ తెలుసు. తెలిసిన కీడు ముంచుకొచ్చే ముందు ఒక మనిషి ఆ మాటను ఎంతసేపు పట్టుకుని నిలబడగలడో చూడటానికి వచ్చారు వాళ్లు. ఆ నిలబడటమే వాళ్లకు నటన.

సినిమా వచ్చినప్పుడు ముందుగా నాటకాల వాళ్లనే పిలిచింది. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో ఎక్కువమంది సురభి వాళ్లే. సతీ సావిత్రిలో యముడైన వేమూరి గగ్గయ్య గారు, చిత్తూరు నాగయ్య గారు, సి.ఎస్.ఆర్. ఆంజనేయులు గారు, అందరూ రంగస్థలం మీద గొంతు సానబట్టుకుని వచ్చినవారే. ఎవరి పాట వారే పాడుకోవలసిన కాలం గనుక గొంతున్నవాడే నటుడు. రఘురామయ్య గారు 1933లో పృథ్వీపుత్రతో తెరమీదికి వచ్చారు. 1936లో లంకాదహనం. 1947లో సి. పుల్లయ్య గారు తీసిన గొల్లభామలో కృష్ణవేణి గారి సరసన కథానాయకుడు, అంజలీదేవి గారికి పేరు తెచ్చిన సినిమా కూడా అదే. అప్పటికి ఆయన వయసు 46.

తర్వాత నేపథ్యగానం స్థిరపడింది. ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది అయ్యాక, గొంతే ఆస్తిగా ఉన్నవాళ్లకు తెర మీద చోటు తగ్గిపోయింది. సి.ఎస్.ఆర్. గారు ఆ మార్పును దాటగలిగారు. ఒకప్పుడు రంగస్థలం మీద కృష్ణుడిగా, తుకారాంగా వెలిగిన మనిషి, పాట అక్కర్లేని పాత్రల్లోకి మారి, మాయాబజార్‌లో శకునిగా, పాతాళభైరవిలో రాజుగా ఒక్క కనుబొమతో ఎంతో చెప్పారు. 1963లో పోయేదాకా ఆయనకు సినిమాల్లో లోటు రాలేదు. రఘురామయ్య గారు చిన్నా పెద్దా వేషాలు వేస్తూనే వచ్చినా ఆయన మనసు పందిరి కిందే ఉందనిపిస్తుంది. మద్రాసులో షూటింగు ముగించుకుని రైలెక్కి మర్నాటి రాత్రి ఏదో పల్లెలో కృష్ణుడి వేషం కట్టడం ఆ తరం నటులకు మామూలు సంగతి.

సినిమా కన్నా ముందే గ్రామఫోను పద్యాన్ని కుదించడం మొదలుపెట్టింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటుకు ఒక పక్క మూడు, మూడున్నర నిమిషాలు పడుతుంది. అంతలో ఎత్తుకోవాలి, ముగించాలి. పెద్ద పెద్ద నటులంతా ఆ కొలతకు తమ పద్యాలను కుదించి పాడారు, నాటకాలకు నాటకాలే సెట్లుగా వచ్చాయి. ఆ ప్లేట్లంటే నాకు ప్రాణం. పెళ్లిళ్లలో మైకుసెట్టు వాడు పొద్దున్నే వేసే ప్లేట్లలో పద్యాలు తప్పకుండా ఉండేవి. ఆ ప్లేట్లు లేకపోతే ఆ గొంతుల్లో చాలావాటికి ఈనాడు ఆనవాలే ఉండేది కాదు. కానీ వాటిని వింటే దొరికేది పద్యం ఒక్కటే. రాత్రి రెండు గంటలప్పుడు అదే పద్యం ఎంతదూరం వెళ్లేదో వాటిలో లేదు. ఆ తర్వాత సినిమా పద్యానికి ఘంటసాల గారు ఒక కొత్త అందం తెచ్చారు. ప్రతి అక్షరం స్పష్టంగా, భావం ముందుండి, రాగం అవసరమైనంతే. నేనూ ఆ పద్యాలు వింటూ పెరిగినవాణ్నే, వాటికి చేతులెత్తి మొక్కుతాను. అయితే మా పిల్లల తరానికి పద్యమంటే ఆ నిమిషంన్నరే అయిపోయింది. అంతకుమించి సాగితే ఎక్కువ అనిపించడం అక్కడే మొదలైంది.

1957లో మాయాబజార్ విడుదలైంది. ఎన్.టి. రామారావు గారి ముఖం తెలుగువాళ్ల పూజగదుల్లోకి వెళ్లిపోయింది. కృష్ణుడంటే ఇలా ఉంటాడని ఒక్క రూపం స్థిరపడ్డాక, ఒకటో కృష్ణుడూ రెండో కృష్ణుడూ అనే లెక్క కొత్తవాళ్లకు అర్థం కాకుండా పోయింది. అయినా 1960లో శ్రీకృష్ణ రాయబారం సినిమా తీసినప్పుడు అరవయ్యో పడికి ఒక్క అడుగు దూరంలో ఉన్న రఘురామయ్య గారినే కృష్ణుడిగా పెట్టారు. అందంగా కనిపించడం కోసం కాదు, పద్యాలు వినిపించడం కోసం. ఆ సినిమా దొరికితే చూడండి. రంగస్థలం మీది రాయబారం ఎలా నడిచేదో కొంతలో కొంత అందులో మిగిలింది.

ఆ జీవితంలో సుఖం తక్కువ. ఏటా కొన్ని నెలలే పని. రాత్రంతా పాడి, పగలు ఏ సత్రంలోనో ఏ ఆసామి ఇంటి వసారాలోనో నిద్రపోయి, సాయంత్రానికి ఇంకో ఊరు. గొంతు కోసం మిరియాల కషాయం, పటికబెల్లం. చల్లనివి ముట్టరు. కాంట్రాక్టరు అడ్వాన్సు ఇచ్చి మిగతాది ఎగ్గొట్టిన కథలు ప్రతి నటుడి దగ్గరా ఉండేవి. మెడలో పతకాలు వరసగా వేలాడేవి, ఇంటికి వెళితే బియ్యం ఉండేవి కావు. స్త్రీ పాత్రలకు వచ్చిన ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి పడే కష్టానికి ఏడ్చిన ఊరే, తెల్లవారాక ఆ చంద్రమతిని చులకనగా చూసేది. ఇది మరచిపోయి ఆ కాలాన్ని తలుచుకుని మురిసిపోవడం తప్పు.

1970ల నాటికి పందిళ్లు పలచబడ్డాయి. తిరునాళ్ల ప్రభల మీదికి రికార్డింగ్ డాన్సులు వచ్చాయి. రెండో పంట, మూడో పంట వచ్చి వ్యవసాయంలో ఖాళీ నెలలు తగ్గాయి. తెల్లవార్లూ మేలుకుని పొద్దున పడుకోగల వీలు రైతుకు పోయింది. నాటకం పోవడానికి సినిమానే కారణమంటారు గానీ, నా మట్టుకు ఈ పంటల కారణం కూడా చిన్నదిగా కనిపించదు. టూరింగ్ టాకీసు రెండో ఆట అయినా ఒంటిగంట దాటేసరికి మనిషిని ఇంటికి పంపించేస్తుంది. నాటకం రాత్రినంతా అడిగేది. రాత్రి మొత్తం ఇవ్వగల ఊళ్లు తగ్గిపోయాయి.

రఘురామయ్య గారికి సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది, 1975లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ ఏడాదే ఫిబ్రవరి 24న పోయారు. పేపర్లో ఆ వార్త చదివి వినిపించింది నేనే. మా పెదనాన్న అరుగు మీద కూర్చుని విన్నాడు. ఆయన ఏడవలేదు, పద్యమూ పాడలేదు. "ఇక రాయబారానికి ఎవర్ని పిలుస్తారంటావు?" అని అడిగాడు. పీసపాటి నరసింహమూర్తి గారున్నారు, షణ్ముఖి ఆంజనేయరాజు గారున్నారు అన్నాను. వాళ్లు గొప్పవాళ్లే అని ఒప్పుకుని, ఎవరి పద్యం ఎలా ఉంటుందో చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం భోజనానికి పిలిచేదాకా చెబుతూనే ఉన్నాడు.

పద్యనాటకం పూర్తిగా పోలేదు. తెనాలిలో, గుంటూరులో, గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్రలో ఇంకా ఆడుతున్నారు. పరిషత్తు పోటీలు జరుగుతున్నాయి, వాటికి నేను వీలైనప్పుడల్లా వెళ్తూనే ఉన్నాను. బాగా పాడే కుర్రాళ్లున్నారు. ఉద్యోగాలు చేసుకుంటూ, సొంత డబ్బుతో వేషాలు అద్దెకు తెచ్చుకుని, సాధన చేసి వస్తున్నారు. వాళ్లను చూస్తే కడుపు నిండుతుంది. కాని పోటీ గనుక నాటకం ఇన్ని గంటల్లో ముగియాలని నియమం ఉంది. ఆలాపన పెంచితే సమయం మించుతుంది, మించితే మార్కులు పోతాయి. హాల్లో ఎవరైనా వన్స్ మోర్ అన్నా నటుడు దండం పెట్టి ముందుకు వెళ్లిపోవలసిందే. నిర్వాహకుల ఇబ్బంది నాకు తెలుసు, ఒకే రోజు మూడు నాలుగు నాటకాలు నడపాలి వాళ్లు. నేను కోరేది ఒక్కటే. పోటీలన్నీ అయ్యాక చివరి రాత్రి, మొదటి బహుమతి వచ్చిన బృందానికి గడియారం లేకుండా ఒక ఆట ఇవ్వండి. అడిగినవాళ్లు అడిగినన్నిసార్లు పాడనివ్వండి. చాపలు మేమే తెచ్చుకుంటాం.